ట్యాంకరు బోల్తా పడితే బిందెలు తేవద్దు: సందేహాలు – సమాధానాలు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయినప్పటి నుంచి హైదరాబాదు–బెంగళూరు రహదారి పక్క ఊళ్లవాళ్లు అడగడం ఎక్కువైంది. పెట్రోలు, డీజిలు, రసాయనాల ట్యాంకర్లు రోజూ కళ్లముందే పోతుంటాయి కాబట్టి ఆ భయం సహజం. వచ్చిన ప్రశ్నల్లో పదిమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం.

మాది పామిడి దగ్గర హైవే పక్కన టీ హోటలు. మా ఎదురుగానే పెట్రోలు ట్యాంకరు బోల్తా పడితే మొదట ఏం చెయ్యాల సార్? డ్రైవరును లాగాలా, ఫోను చెయ్యాలా? క్యాన్లు పట్టుకుని ఉరికొచ్చే జనాన్ని ఆపేదెట్ల?
– ఒక హోటలు యజమాని, పామిడి

మొదటి పని మీ పొయ్యి ఆపడం. డ్రైవరు సంగతి, ఫోను సంగతి ఆ తర్వాతే.

కాలేది పెట్రోలు ద్రవం కాదు, దాని పైన లేచే ఆవిరి. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది. రోడ్డు పక్క కాలువలోకి, కల్వర్టు కిందికి, పల్లంలో ఉన్న మీ వంటింట్లోకి చేరుతుంది. గాలిలో ఆవిరి వంతు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే చాలు, ఒక్క రవ్వకు అంటుకుంటుంది. అంటుకున్న చోట ఆగకుండా, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తి ట్యాంకరును చేరుతుంది. మీ హోటలు యాభై మీటర్ల అవతల ఉన్నా మీ స్టవ్వే వత్తి కావచ్చు. స్టవ్వు, జనరేటరు, బీడీ, బైకు స్టార్టరు అన్నీ ఆగాలి. నిలిపి ఉన్న లారీలను తీసేద్దామని ఇంజన్లు ఆన్ చెయ్యనివ్వద్దు, ఎక్కడివక్కడే వదిలి మనుషులు నడిచి వెళ్లాలి.

ఎటు నడవాలి? గాలి వచ్చే దిక్కుకు, ఎత్తుకు. గుప్పెడు దుమ్ము ఎగరేస్తే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన పీఠభూమి మీద గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి గట్టిగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. ఆ నెలల్లో రోడ్డుకు తూర్పు పక్కన ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువ.

ఎంత దూరం? అమెరికా, కెనడా, మెక్సికో దేశాలు కలిసి వేసే అత్యవసర స్పందన చేతిపుస్తకాన్ని ప్రపంచమంతా వాడుతుంది. అందులో పెట్రోలు వంటి ద్రవాలకు చెప్పిన లెక్క ఇది: కారుతూ ఉండి ఇంకా అంటుకోకపోతే చుట్టూ కనీసం 50 మీటర్లు, భారీగా కారుతుంటే గాలి పోయే వైపు 300 మీటర్లు. ట్యాంకరుకే మంట తగిలితే అన్ని వైపులా 800 మీటర్లు. మీ హోటలు ముందు నిలబడి చూడాలనుకునేవాళ్లకు ఈ మూడో అంకె చెప్పండి.

ఇక డ్రైవరు. మంట లేకపోతే, క్యాబిన్ చుట్టూ పెట్రోలు మడుగు కట్టకపోతే, గాలి వచ్చే వైపు నుంచి ఒక్కరే వెళ్లి దించవచ్చు. అతను నడవగలిగితే దూరం నుంచే కేకేసి పిలవండి. మడుగులో చిక్కుకుని ఉంటే లోపలికి అడుగు పెట్టవద్దు. వినడానికి కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ తడిసిన బట్టలతో ఇద్దరు ముగ్గురు అక్కడే ఉండగా అంటుకుంటే, అప్పుడు మోయాల్సింది ఒక్కరిని కాదు.

ఫోను దూరం వెళ్లాక చెయ్యండి. సెల్‌ఫోను వల్ల పెట్రోలు అంటుకోవడం అరుదు. అసలు ప్రమాదం ఆ ఫోనుతో వీడియో తియ్యడానికి దగ్గరికి పోవడం. 112 గానీ 101 గానీ చెయ్యండి, జాతీయ రహదారి సహాయ నంబరు 1033కీ చెప్పండి. కిలోమీటరు రాయి మీది అంకె, బండి ఎటు వెళ్లే వైపు పడింది, కారుతోందా కాలుతోందా, ట్యాంకరు వెనక బోర్డు మీద ఏ నంబరుంది – ఈ నాలుగూ చెబితే ఫైరింజన్ ఫోముతో, అంటే మంటను కప్పే నురగతో బయల్దేరాలా, వట్టి నీళ్లతోనా అన్నది అక్కడే తేలిపోతుంది.

జనం సంగతి అన్నిటికన్నా కష్టం. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అహ్మద్‌పూర్ ఈస్ట్‌లో బోల్తా పడిన ట్యాంకరు నుంచి పెట్రోలు పట్టుకోవడానికి పోయిన జనం మీద మంట విరుచుకుపడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో నైజీరియాలోని మాజియా పట్టణంలో ఇదే కథ, నూట డెబ్బై మందికి పైగా. ఆ రెండుచోట్లా జనం పేదవాళ్లు. ఉచితంగా దొరికిన ఐదు లీటర్లు వాళ్లకు చిన్న విషయం కాదు. అందుకే ‘దొంగతనం, పోలీసులు పట్టుకుంటారు’ అని అరిస్తే ఎవరూ ఆగరు, ఇంకా త్వరగా పట్టుకుని పోవాలని చూస్తారు. ఊళ్లో మాట చెల్లేవాళ్లు ఇద్దరు ముగ్గురు రోడ్డుకు రెండు వైపులా 300 మీటర్ల దూరంలో నిలబడి ‘ఇది ఇంకా అంటుకోలేదు, అంటుకోబోతోంది’ అని చెప్పాలి. ఆడవాళ్లు చెబితే ఇంకా వింటారని నా నమ్మకం.

ట్యాంకర్ల వెనక అంకెలు, అక్షరాలతో ఒక బోర్డు ఉంటుంది. దాన్ని మాలాంటివాళ్లం చదవగలమా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, అనంతపురం

చదవగలరు, చదవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే ప్రతి బండికీ ఆ బోర్డు తప్పనిసరి. సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల సంఖ్య, ప్రమాద తరగతి తెలిపే డైమండ్ గుర్తు, పంపినవారి ఫోను అందులో ఉండాలి. ఎర్ర డైమండులో మంట బొమ్మ, కింద 3 అంకె ఉంటే మండే ద్రవం. 1203 అంటే పెట్రోలు, 1202 డీజిలు, 1170 ఇథనాలు, 1230 మిథనాలు, 1294 టోలువీన్, 1090 అసిటోన్.

ఈ బోర్డు మీద ఒక అంకె, ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. పెట్రోలుకు ‘3వైఈ’. మొదటి అంకె దేనితో ఆర్పాలో చెబుతుంది: 1 అయితే లావు తుంపర, 2 అయితే సన్న తుంపర, 3 అయితే ఫోము, 4 అయితే నీరు తగలకూడదు, పొడి మందే వాడాలి. మధ్య అక్షరం సిబ్బంది ఎలాంటి రక్షణ తొడుక్కోవాలో, కారినదాన్ని కట్ట కట్టి ఆపాలో, నీళ్లతో పలచన చెయ్యాలో చెబుతుంది. చివర ‘ఈ’ ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చెయ్యమని.

బోర్డు దుమ్ము కొట్టుకుపోయి కనిపించకపోతే బండి ఆకారం చూడండి. రెండు చివరలూ చదునుగా, కోడిగుడ్డు ఆకారపు కోతతో, పైన నాలుగైదు మూతలతో ఉంటే పెట్రోలో డీజిలో. రెండు చివరలూ గుండ్రంగా ఉన్న పొడవాటి గొట్టంలా ఉంటే వంటగ్యాసు. గ్యాసు ట్యాంకరు మంటల్లో ఉంటే 800 మీటర్లు చాలదు, 1,600 మీటర్లు పోవాలి. వేడికి లోపలి ఒత్తిడి పెరిగి తొట్టి పగిలితే వచ్చేది మంట కాదు, నిప్పుల బంతి. 2024 డిసెంబరు 20న జైపూర్ శివార్లలోని భాంక్రోటాలో గ్యాసు ట్యాంకరును లారీ ఢీకొన్నాక ఆ రోడ్డు మీది వాహనాలు ఎంత దూరం వరకు కాలాయో పేపర్లలో చూసే ఉంటారు.

మా ఊళ్లో తాగునీళ్లు తోలే 5,000 లీటర్ల ట్యాంకరు ఉంది. ఫైరింజన్ వచ్చేలోగా దాంతో పెట్రోలు మంట మీద కొట్టొచ్చా?
– ఒక రైతు, గార్లదిన్నె మండలం

కొట్టకూడదు. పెట్రోలు నీటికన్నా తేలిక. మీరు పోసిన నీళ్లు అడుగుకు పోతాయి, మండుతున్న పెట్రోలు వాటిమీద తేలుతూ రోడ్డు దాటి మీ చేలోకి వస్తుంది. మీరే మంటకు దారి వేసినట్టు అవుతుంది.

ఈ మంటకు మందు ఫోము. నీళ్లలో నూటికి మూడు వంతులు ఫోము ద్రావణం కలిపి గాలితో నురగ చేసి కప్పితే ఆవిరి లేవడం ఆగుతుంది. లెక్క చెబుతాను, మన అనంతపురంలాంటి కరువు జిల్లాకు ఇది తెలియాలి. కారి మండుతున్న పెట్రోలు మడుగు వంద చదరపు మీటర్లు ఉందనుకోండి. దానికి ఒక్కో చదరపు మీటరుకు నిమిషానికి 4.1 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలు ఫోము పోయాలని అంతర్జాతీయంగా వాడే ప్రమాణం. అంటే 6,150 లీటర్లు. అందులో ఫోము ద్రావణం సుమారు 185 లీటర్లు, మిగతాది నీళ్లు. మామూలు ఫైరింజన్ మోసే నీళ్లు నాలుగైదు వేల లీటర్లు. అంటే చిన్న మడుగుకే ఒక బండి చాలదు.

మీ ట్యాంకరు విలువ ఇక్కడే. దాన్ని మంట మీదికి కాదు, ఫైరింజన్ పక్కకు తీసుకెళ్లండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట, చెరువులు ఎండిన వేసవిలో, ఫైరింజన్ తిరిగి నీళ్లు నింపుకునే చోటు దొరకడమే పెద్ద సమస్య. బోర్లు ఉన్నాయి కదా అంటారేమో. వ్యవసాయ త్రీఫేజు కరెంటు పగటిపూట తొమ్మిది గంటలే. లారీలు, బస్సులు అర్ధరాత్రి దాటాక కూడా ప్రమాదాలకు గురవుతాయి. అప్పుడు నిండుగా ఉండేది పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక్కటే. దాని వాల్వు తాళం ఎవరి దగ్గరుందో ఊళ్లో నలుగురికి తెలియాలి.

మీరు నేరుగా చెయ్యగలిగింది ఇంకోటి ఉంది. గాలి పోయే వైపున, మంటకు దూరంగా ఉన్న వాముల్ని, కొట్టాల్ని తడిపి పెట్టండి. కారుతున్న పెట్రోలు వంకలోకి, చెరువులోకి పోకుండా ట్రాక్టరుతో మట్టి కట్ట వెయ్యవచ్చు. కానీ అది మడుగుకు దూరంగా, పల్లపు వైపు ముందుగా వేసే కట్ట కావాలి. ఆవిరి మధ్యలో ట్రాక్టరు నడపవద్దు, సైలెన్సరు రవ్వ చాలు.

ఇంకో మాట. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు, వట్టి ఇథనాలు ట్యాంకర్లూ పెరిగాయి. ఇథనాలు నీళ్లలో కలిసిపోతుంది, మామూలు ఫోమును కరిగించేస్తుంది. దానికి ఆల్కహాలును తట్టుకునే ప్రత్యేక ఫోము కావాలి. పైగా పట్టపగలు ఇథనాలు మంట కంటికి సరిగా కనిపించదు. ‘పొగ లేదు, ఆరిపోయింది’ అని దగ్గరికి పోవద్దు.

చిన్నటేకూరులో ఒక బైకు ట్యాంకులోని పెట్రోలుకే అంత పెద్ద బస్సు కాలిపోయిందా? నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, గుత్తి

నమ్మకపోవడంలో వింత లేదు. బైకు ట్యాంకు మహా అయితే పది పదిహేను లీటర్లు. అయినా ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే పది వేల లీటర్లకు మించిన గాలిని, అంటే ఒక చిన్న గదినంతా అంటుకునేలా చేస్తుంది. అక్కడ రోడ్డు మీది బైకు బస్సు కిందికి వచ్చి ఇరుక్కుంది, దాన్ని బస్సు ఈడ్చుకుపోయింది. లోహం తారు మీద రాపిడి, కారుతున్న పెట్రోలు, రవ్వలు – మంట పుట్టడానికి అంతే కావాలి.

కానీ పుట్టిన మంట ఒకటి, చంపిన మంట ఒకటి. పెట్రోలు అగ్గిపుల్ల మాత్రమే. కట్టెల పని చేసింది బస్సు లోపలి సరంజామా: పడకల ఫోము, పరదాలు, ప్లాస్టిక్కు పలకలు, వైర్లు. ఇవి మండితే నిమిషాల్లో నల్లటి విషపు పొగ నిండుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు కాలకముందే స్పృహ తప్పుతారు. బైకు నడిపిన యువకుడితో కలిపి ఇరవై మంది పోయారు.

ఏసీ స్లీపరు ఎక్కేవాళ్లకు చెప్పేది ఒక్కటే. పడుకునే ముందు అత్యవసర ద్వారం ఎక్కడో, సుత్తి ఎక్కడో కళ్లతో చూసి పెట్టుకోండి. అద్దాన్ని మధ్యలో కొడితే పగలదు, మూలన కొట్టాలి. పొగ నిండితే నిలబడవద్దు, నేల మీద పాకండి. సుత్తి లేని బస్సు అయితే ఎక్కే ముందే అడగండి, గొడవ పడైనా అడగండి.

పెట్రోలుకు భయపడాలి గానీ డీజిలు అంత త్వరగా అంటుకోదంటారు. అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుందని మా మెకానిక్ చూపించాడు కూడా.
– లారీ యజమాని, గుంతకల్లు

మీ మెకానిక్ చూపించింది నీడలో, బకెట్లో ఉన్న డీజిలు. చట్టం పెట్రోలియం సరుకును అంటుకునే ఉష్ణోగ్రతను బట్టి విడదీసింది: 23 డిగ్రీల లోపు ఆవిరి అంటుకునేది ‘ఎ’ తరగతి, 23 నుంచి 65 లోపు ‘బి’ తరగతి. డీజిలు ఈ రెండోదే. మేలో గుంతకల్లు మధ్యాహ్నం నల్లటి తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడగలరా? ఆ తారు మీద పడిన డీజిలు బకెట్లో డీజిలు కాదు. గుడ్డకు, సీటుకు, దూదికి పట్టినా, గొట్టం పగిలి తుంపరగా చిమ్మినా అది పెట్రోలు లాగే మండుతుంది. 2013 అక్టోబరు 30న ఇదే రహదారి మీద పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును కొట్టుకుని, డీజిలు ట్యాంకు పగిలి కాలితే 45 మంది పోయారు. మీ మెకానిక్ ఇంకోసారి ఆ ఆట ఆడకుండా చూడండి.

మా పల్లెలో కిరాణా కొట్లో సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. స్ప్రేయర్లకు, మోటారు సైకిళ్లకు అదే దిక్కు. ఇంట్లో కూడా ఐదు లీటర్ల ప్లాస్టిక్కు క్యాన్ పెట్టుకుంటాం. తప్పా?
– ఒక మహిళా రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం

అమ్మడం తప్పు. పెట్రోలియం చట్టం 1934 ప్రకారం ‘ఎ’ తరగతి పెట్రోలు అమ్మకానికి కాకపోతేనే, అదీ మొత్తం 30 లీటర్లకు మించకపోతేనే లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. గాజు లేదా పింగాణీ పాత్రయితే ఒక లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు. ఆ జాబితాలో ప్లాస్టిక్కు లేదు. కూల్‌డ్రింకు సీసా అసలే కాదు. చిన్నపిల్లలు దాహానికి ఎత్తుకుని తాగిన సంఘటనలు ప్రతి ప్రభుత్వాసుపత్రి డాక్టరూ చెబుతాడు. అలా తాగితే వాంతి చేయించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా 108కి చెప్పండి. పైపుతో నోటితో పీల్చి పెట్రోలు తీసే అలవాటు కూడా ఇంతే.

ప్లాస్టిక్కు క్యాన్‌లో ఇంకో ముప్పు ఉంది. మన ఎండలకు గాలి పొడిగా ఉంటుంది. పొడి గాలిలో స్థిర విద్యుత్తు త్వరగా పోగవుతుంది. క్యాన్‌ను బైకు మీదే పెట్టి, లేదా ఆటో ట్రక్కు తొట్టిలో ఉంచి పట్టించుకుంటే ఆ విద్యుత్తు ఎటు పోవాలో తెలియక మూతి దగ్గరే రవ్వగా తెగుతుంది. లోహపు డబ్బాను నేల మీద పెట్టి, బంకు గొట్టం డబ్బాకు ఆనించి పట్టించుకోండి. పూర్తిగా నింపవద్దు, ఎండకు వ్యాకోచించే జాగా ఉండాలి. ఇంట్లో కాకుండా, దీపానికి దూరంగా, గాలి ఆడే నీడలో పెట్టండి.

ఇవన్నీ పట్టణం వాళ్లకు తెలుసనుకోకండి. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచారు. అవి అంటుకుని పై అంతస్తుల్లో కాపురమున్న కనీసం తొమ్మిది మంది చనిపోయారు.

హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాను. డ్రమ్ము నుంచి టోలువీన్, థిన్నరు వంచేటప్పుడు నేల మీద ఒలుకుతుంది. రంపపు పొట్టు చల్లి ఊడుస్తాం. సూపర్‌వైజరు ఫ్యాను వేసి వాసన పోగొట్టమంటాడు. సరైనదేనా?
– ఒక కార్మికుడు, తూముకుంట పారిశ్రామికవాడ

రెండూ తప్పే. రంపపు పొట్టు తానే మండే వస్తువు, ద్రావకం పీల్చుకుంటే వత్తి అవుతుంది. పొడి ఇసుక వాడండి. ఫ్యాను స్విచ్చు వేసినా ఆపినా లోపల రవ్వ తెగుతుంది. మండే ఆవిరి ఉన్న చోట వాడేందుకు చేసిన ప్రత్యేక విద్యుత్ పరికరాలు ఉంటాయి, గోడకు తగిలించిన మామూలు ఎగ్జాస్టు ఫ్యాను వాటిలో ఒకటి కాదు. ఒలికింది కొద్దిగా అయితే తలుపులు తెరిచి ఇసుక పోసి, ఇత్తడి లేదా ప్లాస్టిక్కు పారతో తీసి, మూత ఉన్న డబ్బాలో బయట పెట్టాలి. ఎక్కువైతే అందరూ బయటికి రావాలి, కరెంటు బయటి మెయిన్ దగ్గర ఆపాలి. కాలువలోకి మాత్రం కడిగెయ్యవద్దు. టోలువీన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకునేది, కాలువ వెంట పక్క షెడ్డు దాకా పోతుంది.

ఒలకడం ఎందుకు జరుగుతోందన్నది అసలు ప్రశ్న. డ్రమ్మును వంచడం కాకుండా చేతి పంపుతో తియ్యాలి. డ్రమ్ముకూ, నింపే పాత్రకూ మధ్య రాగి తీగ కలిపి భూమికి కలపాలి. ఆ తీగ ఖరీదు ఎంతో మీ యజమానిని అడగండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసియెన్షియా కర్మాగారంలో ఎంటీబీఈ అనే ద్రావకం కారి, దాని ఆవిరి అంటుకుని పేలితే 17 మంది చనిపోయారు. అక్కడ కూడా మొదట జరిగింది కారడమే.

ఖాళీ డ్రమ్ముల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. నిండిన డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్ము ప్రమాదం. అందులో ద్రవం లేదు గానీ, గాలితో కలిసి పేలడానికి తగినంత ఆవిరి ఉంటుంది. వాటిని గ్యాస్ కట్టరుతో కోసి తొట్లు చేసుకునే అలవాటు మన ప్రాంతంలో ఉంది. వెల్డింగు షాపుల్లో పాత ట్యాంకుల మీద పని చేసేవాళ్లకు ఈ మాట చేరవెయ్యండి.

ఒంటి మీద మంట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట చల్లటి పారే నీళ్లు ఇరవై నిమిషాలు పొయ్యాలి. మంచు, పేస్టు, సిరా ఏవీ వద్దు. ద్రావకంతో తడిసిన బట్టలు విప్పే ముందు నీళ్లతో తడపండి.

హైవే పక్కన మా పొలం. ట్యాంకరు పడి పెట్రోలు మట్టిలో ఇంకితే మా బోరు పాడవుతుందా? పరిహారం ఎవరినడగాలి?
– ఒక రైతు, పెనుకొండ ప్రాంతం

పాడయ్యే అవకాశం గట్టిగా ఉంది, అదీ మన నేలలో. పై మట్టి పలచన, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద పగుళ్లున్న గట్టి రాయి. మట్టి జల్లెడ పట్టే పని ఎక్కువ చెయ్యకముందే ద్రవం పగుళ్లలోకి జారుతుంది. పెట్రోలు నీటి మీద తేలుతుంది గానీ అందులోని బెంజీన్ కొంత కరుగుతుంది. తాగునీళ్లలో బెంజీన్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మీ ముక్కు పసిగట్టలేనంత తక్కువ. వాసన రావడం లేదని తాగవద్దు, కాచి కూడా తాగవద్దు.

మొదట చెయ్యాల్సింది మోటారు ఆపడం. చాలామంది ‘లోపలిది తోడేస్తే మంచిది’ అని రోజంతా నడుపుతారు. అలా చేస్తే చుట్టూ ఇంకిన పెట్రోలును మీ బోరు వైపు మీరే లాగుకుంటారు. తడిసిన మట్టిని ఎంత త్వరగా తవ్వి తీస్తే అంత మేలు. తీసిన మట్టిని టార్పాలిన్ మీద కుప్ప పోసి, కప్పి, అధికారులకు అప్పగించాలి. తగలబెట్టవద్దు.

పరిహారానికి కాగితం ముఖ్యం. పోలీసు కేసులో మీ పొలం సర్వే నంబరు రాయించండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి, నీళ్ల, మట్టి నమూనాలు మీ ఎదుటే తీయించండి. తర్వాత నెలకొకసారి పరీక్ష చేయించండి, ఎందుకంటే కొన్నిచోట్ల చెడు వానాకాలం దాటాకే కనబడుతుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం 2010 కింద పరిహారానికీ, నేలను బాగు చేయించడానికీ ఐదేళ్ల లోపు దరఖాస్తు పెట్టవచ్చు. మనకు చెన్నై బెంచి. లారీ యజమానితో ఊరి పెద్దల మధ్య కుదుర్చుకుని చేతిలో పడింది తీసుకోవడం నష్టపోయే బేరం. బోరు చెడింది ఆరు నెలల తర్వాత తెలిస్తే అప్పుడు అతను ఎక్కడుంటాడు?

హైవే మీది మా చిన్న పంచాయతీ ఏం సిద్ధం చేసుకోవాలి? డబ్బులు పెద్దగా లేవు.
– ఒక సర్పంచి, రాప్తాడు మండలం

డబ్బు పెద్దగా అక్కర్లేదు. రోడ్డుకు రెండు వైపులా నాలుగేసి ట్రాక్టర్ల పొడి ఇసుక, దానికి పార, ఒక టార్పాలిన్ కప్పు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఫైరింజన్ గొట్టం తగిలే కప్లింగు, దాని సైజు మీ ఫైర్‌స్టేషనును అడిగే వేయించండి. వాల్వు తాళం పగలూ రాత్రీ దొరికే చోట ఉంచండి. హైవే పక్క ప్రతి దుకాణం షట్టరు లోపలివైపు 101, 112, 108, 1033 పెద్ద అక్షరాల్లో రాయించండి, గ్యాసు లీకుకు 1906 కూడా. వాటి కింద మీ ఊరి కిలోమీటరు రాయి అంకె. భయంలో ఉన్న మనిషికి తన ఊరి పేరు తప్ప ఏదీ గుర్తు రాదు, హైవే మీద ఊరి పేరు చాలదు. ఒక పెట్రోలు బంకు మీ పంచాయతీలో ఉంటే వాళ్ల దగ్గర ఎన్ని పొడి మందు సిలిండర్లు ఉన్నాయో, అవి ఎప్పుడు నింపారో కనుక్కోండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలుడులో ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం మొదలైన వారం అది. ఆ వారంలో సిబ్బంది అడిగినచోటికి వచ్చి చేసి చూపిస్తారు. బడి పిల్లల ముందు గ్యాసు సిలిండరు ఆర్పడం ఒక్కటే చూపించి వెళ్లిపోనివ్వకండి. హైవే మీద ట్యాంకరు పడినట్టు అనుకుని రాత్రిపూట ఒక కసరత్తు పెట్టమని ఇప్పుడే మీ ఫైర్‌స్టేషనుకు ఉత్తరం రాయండి, టీ కొట్ల వాళ్లను, పంక్చరు షాపుల వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి.